లేజరా, రైల్‌గనా, మిసైలా: మీ అంతరిక్ష నౌకకి ఏ ఆయుధం పెట్టాలి?

ముందే చెప్పేస్తున్నా, నా ఓటు మిసైల్‌కే. లేజర్ అభిమానులకి ఈ మాట రుచించదు, రైల్‌గన్ (మందుగుండు లేకుండా, రెండు పట్టాల మధ్య కరెంటు బలంతో గుండుని విసిరే తుపాకీ) బ్యాచ్ అయితే అసలు ఒప్పుకోరు. నా లెక్కలు నేను చెప్తా, ఎవరి నౌకకి ఏది నప్పుతుందో మీరు తేల్చుకోండి. అంతరిక్ష యుద్ధం మీద కథ రాస్తున్నవాళ్ళకీ, స్ట్రాటజీ గేమ్‌లో సొంత నౌక కట్టుకుంటున్నవాళ్ళకీ, ఏ సిరీస్ చూసినా పక్కవాడితో "అలా జరగదు రా బాబూ" అని గొడవ పెట్టుకునేవాళ్ళకీ ఇది పనికొస్తుంది. మూడో రకం వాళ్ళే ఎక్కువని నాకు తెలుసు.

షీల్డులూ, కాంతిని మించి పోయే వార్ప్ డ్రైవులూ ఉన్న లోకాల జోలికి మాత్రం వెళ్ళడం లేదు. స్టార్ ట్రెక్ ఫేజర్ గొప్పదా, స్టార్ వార్స్ టర్బోలేజర్ గొప్పదా అన్న తగువు దశాబ్దాలుగా నడుస్తోంది, ఇంకా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ ఆయుధం బలం ఆ సీనులో ఎవరు గెలవాలన్నదాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. దాంట్లో తేల్చడానికి ఏమీ లేదు. మనకు తెలిసిన ఫిజిక్స్‌కి కాస్తో కూస్తో కట్టుబడిన యుద్ధం గురించి అయితే కాగితం మీద లెక్క వేసి చూసుకోవచ్చు.

ఆయుధం పేరు ఎత్తకముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఎంత దూరం నుంచి కొట్టుకుంటున్నారు? సినిమాల్లో రెండు నౌకలు ఒకే ఫ్రేములో పడాలి కాబట్టి కిలోమీటరు దూరంలో నిలబడి కాల్చుకుంటాయి. నిజంగా అయితే ఆ దూరానికి వచ్చేలోపే ఎవరో ఒకరు పోయి ఉంటారు. భూమి చుట్టూ తక్కువ ఎత్తు కక్ష్యలో వందల నుంచి కొన్ని వేల కిలోమీటర్లు, భూమికీ చంద్రుడికీ మధ్య లక్షల కిలోమీటర్లు, గ్రహాల మధ్య అయితే ఇక కోట్లలోనే. నాకు కనిపించిన వాదనల్లో సగం ఇక్కడే తప్పుతాయి, ఒకడు 100 కి.మీ. ఊహించుకుని మాట్లాడుతుంటాడు, ఇంకొకడు లక్ష కి.మీ. ఊహించుకుని జవాబిస్తుంటాడు, ఇద్దరూ వాళ్ళ వాళ్ళ లెక్కల్లో కరెక్టే.

లేజర్

లేజర్ తరఫు వాదన వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కాంతి వేగం, తప్పించుకునే అవకాశం లేదు, గుండ్లు అయిపోవు. మొదటి మాట చాలావరకు నిజం. లక్ష కి.మీ. దూరంలో ఉన్న నౌకని మీరు చూసే సరికి ఆ వెలుగు 0.33 సెకను పాతది, మీ కిరణం చేరడానికి ఇంకో 0.33 సెకను. ఈ లోపు శత్రువు ఒక జీ త్వరణంతో (భూమ్మీద వస్తువు కింద పడేటప్పుడు ఉండేంత) పక్కకి జరిగినా కదిలేది రెండు మీటర్ల చిల్లరే. గురి సమస్యే కాదు.

సమస్య అంతా కిరణం వెడల్పులో ఉంది. లేజర్ అంటే సన్నటి దారంలా ఎంత దూరమైనా పోతుందనుకుంటారు, పోదు. ఒక మైక్రాన్ తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్‌ని మీటరు వెడల్పు అద్దంతో 1000 కి.మీ. దూరానికి పంపితే, అద్దం ఎంత పర్ఫెక్ట్‌గా ఉన్నా, అక్కడ పడే చుక్క దాదాపు రెండున్నర మీటర్లు. అద్దం 10 మీటర్లది పెడితే చుక్క 24 సెంటీమీటర్లకి దిగుతుంది. జేమ్స్ వెబ్ టెలిస్కోపు అద్దం 6.5 మీటర్లు, దాన్ని పంపడానికే ఎంత అవస్థ పడ్డారో తెలిసిందే. మనం దానికంటే పెద్ద అద్దాన్ని యుద్ధనౌక ముక్కు మీద పెట్టుకుని దెబ్బలాటకి దిగుతున్నాం.

సరే, పెట్టామనుకోండి. 10 మెగావాట్ల కిరణం 24 సెంటీమీటర్ల చుక్కలో పడితే, వెలుగంతా లోహం పీల్చుకుందనుకుంటే, సెకనుకి ఐదారు మిల్లీమీటర్ల అల్యూమినియం ఆవిరవుతుంది. భయంకరమైన ఆయుధమే. ఇప్పుడు అదే లేజర్‌ని అదే అద్దంతో లక్ష కి.మీ.కి తీసుకెళ్ళండి. చుక్క 24 మీటర్లవుతుంది, చదరపు మీటరుకి పడేది సుమారు 21 కిలోవాట్లు, అంటే ఎండకి 15 రెట్లు. ఆ ఎండలో ఎక్కువసేపు ఉంటే నౌక సెన్సర్లూ సోలార్ ప్యానెళ్ళూ పాడవుతాయేమో గానీ కవచానికి రంధ్రం పడదు. పది మెగావాట్లు పోసి శత్రువుకి వేసవి సెలవులు ఇచ్చినట్టు.

ఇంకో సంగతి లేజర్ వాళ్ళు మెల్లిగా దాటేస్తారు. మీ అద్దంలోంచి కిరణం బయటికి పోగలిగితే శత్రువు కిరణం కూడా లోపలికి రాగలదు. ఇద్దరి దగ్గరా పెద్ద లేజర్లుంటే యుద్ధం నౌక మీద కాదు, అద్దం మీద జరుగుతుంది. ఎవరి అద్దం ముందు మాడితే వాడు గుడ్డివాడు. కథ రాసేవాళ్ళకి చెప్తున్నా, ఇది వాడుకోండి, మంచి సీను పడుతుంది.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి వేడి. అంతరిక్షం చల్లగా ఉంటుంది కాబట్టి వేడి ఇట్టే పోతుందని చాలామంది అనుకుంటారు గానీ అక్కడ గాలి లేదు, నీళ్ళు లేవు, వేడి పోవాలంటే రేడియేటర్ పలకల నుంచి కిరణాల రూపంలోనే పోవాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం అమ్మోనియా తిప్పుతూ అంతంత పెద్ద రెక్కలు చాపుకుని వదిలించుకునేది 70 కిలోవాట్లు. మన లేజర్ సామర్థ్యం మూడోవంతు అనుకుందాం, 10 మెగావాట్లు బయటికి వెళ్తే 20 మెగావాట్లు నౌకలోనే వేడిగా మిగిలిపోతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర, రెండు పక్కలా వేడి వదిలే పలకలతో దాన్ని పంపేయాలంటే దాదాపు 22 వేల చదరపు మీటర్లు కావాలి, మన లెక్కలో ఐదెకరాల పైనే. ఐదెకరాల రేకు వెనకాల కట్టుకుని యుద్ధానికి వెళ్తున్నారన్నమాట. పలకలు 1000 కెల్విన్ దగ్గర ఎర్రగా కాగితే 180 చదరపు మీటర్లు చాలు, నిజమే, కానీ ఆ వేడికి లేజర్ లోపలి డయోడ్లు బతకవు, మధ్యలో వేడిని చల్లటి డయోడ్ల నుంచి కాగే పలకలకి తోసే యంత్రాలు కావాలి, వాటికి మళ్ళీ కరెంటు కావాలి. ఎవరైనా లేజర్ నౌక బొమ్మ చూపిస్తే నేను మొదట వెతికేది రేడియేటర్లనే. తొంభై శాతం బొమ్మల్లో ఉండవు. తొంభై అన్నది కోపంలో వచ్చిన అంకె, లెక్కపెట్టలేదు.

కర్నూలు మాట ఇక్కడ ఎవరో ఒకరు తీస్తారు. తీయాలి కూడా, మన గడ్డ మీద జరిగిన పని అది. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరున్న నేషనల్ ఓపెన్ ఎయిర్ రేంజ్‌లో డీఆర్‌డీవో వాళ్ళు వాహనం మీద అమర్చిన లేజర్‌తో డ్రోన్లని కూల్చి చూపించారు. 30 కిలోవాట్ల తరగతిది, చేసింది హైదరాబాద్‌లో ఉన్న చెస్ అనే ల్యాబ్. అయితే అది ప్లాస్టిక్కూ పల్చటి రేకూ ఉన్న డ్రోన్‌ని, కొద్ది కిలోమీటర్ల దూరంలో, నేల మీద నిలబడి కాల్చడం. దగ్గరి రక్షణకి లేజర్ ఎంత బాగా పనికొస్తుందో దాన్నిబట్టి తెలుస్తుంది, అంతవరకు నేనూ ఒప్పుకుంటా. దాన్ని పట్టుకుని చంద్రుడి దగ్గరున్న నౌకని పేల్చేస్తామంటేనే పేచీ.

రైల్‌గన్

దీని మీద ఇంత మోజు ఎందుకో నాకు కొంచెం అర్థమవుతుంది. ధన్‌మని శబ్దం, నౌక మొత్తం ఊగడం, అవతలివాడి ఒంట్లోంచి గుండు ఇటునుంచి అటు దూసుకుపోవడం. ఎక్స్‌పాన్స్ సిరీస్ వచ్చాక ఈ పిచ్చి ఇంకా పెరిగింది. తప్పు లేదు, చూడటానికి దానంత బాగా తీసినవి తక్కువ.

బలం విషయంలో డౌటు లేదు. ఏ వస్తువైనా సెకనుకి 3 కి.మీ. వేగంతో వచ్చి తగిలితే తన బరువంత టీఎన్‌టీ పేలినట్టే. 10 కి.మీ. వేగంతో ఒక కిలో ఇనుము తగిలితే 50 మెగాజౌల్స్, 12 కిలోల టీఎన్‌టీ. కవచం ఎంత మందంగా ఉన్నా పెద్దగా లాభం లేదు. తుపాకీ వెనక్కి తన్నడం గురించి కంగారు పడేవాళ్ళకి: వెయ్యి టన్నుల నౌక ఆ కిలో గుండుని వదిలితే సెకనుకి ఒక్క సెంటీమీటరు వేగం వస్తుంది, అంతే. సోవియట్ వాళ్ళు సాల్యూట్ 3 అంతరిక్ష కేంద్రంలో నిజంగానే ఒక ఫిరంగి పెట్టి 1975 జనవరిలో మనుషులు లేనప్పుడు పేల్చి చూశారు, కేంద్రం చెక్కుచెదరలేదు.

కానీ తగలాలి కదా. 10 కి.మీ. వేగం ఉన్న గుండు 1000 కి.మీ. పోవడానికి 100 సెకన్లు. శత్రువు ఇంజిన్ ఎంత నీరసమైనదైనా, జీలో వందో వంతు త్వరణం ఉన్నా, ఆ 100 సెకన్లలో అర కిలోమీటరు పక్కకి జరుగుతాడు. మీరు కాల్చారని వాడికి తెలియక్కర్లేదు కూడా, అప్పుడప్పుడు ఊరికే అటూ ఇటూ జరుగుతుంటే చాలు. అదే 100 కి.మీ. దూరంలో అయితే పది సెకన్లు, వాడు జరిగేది ఐదు మీటర్లు, 50 మీటర్ల నౌకకి తప్పించుకునే దారి లేదు. కాబట్టి రైల్‌గన్ పిడిబాకు లాంటి ఆయుధం, దగ్గరికొస్తే చావే, దూరంలో ఉంటే దండగ. కదలలేని వాటికి మాత్రం, అంటే స్టేషన్లూ చంద్రుడి మీద స్థావరాలూ ఇలాంటివాటికి, ఎంత దూరం నుంచైనా రైల్‌గనే మొగుడు.

నేల మీద అనుభవం కూడా అంత ఆశాజనకంగా లేదు. అమెరికా నేవీ 2010 డిసెంబరులో డాల్‌గ్రెన్‌లో 33 మెగాజౌల్స్ షాట్ కొట్టి పేపర్లకెక్కింది, 2021 వచ్చేసరికి ప్రోగ్రామ్ ఆపేసింది. గొట్టం లోపలి పట్టాలు త్వరగా అరిగిపోవడం దాని పెద్ద బాధల్లో ఒకటి. జపాన్ వాళ్ళు 2023లో ఓడ మీంచి కాల్చి చూశారు, వాళ్ళు ఇంకా పట్టు వదల్లేదు. మీ కథలో రైల్‌గన్ ఉంటే స్పేర్ పట్టాలు మోసే గోదాం కూడా పెట్టండి, ఆ గోదాం ఖాళీ అయ్యే రోజు కథకి మలుపవుతుంది.

మిసైల్

రైల్‌గన్ గుండుకి లేనిదీ మిసైల్‌కి ఉన్నదీ ఒక్కటే, దారిలో మనసు మార్చుకోగలదు. శత్రువు పక్కకి జరిగితే ఇదీ జరుగుతుంది. పైగా మిసైల్‌లో మనిషి లేడు కాబట్టి 20 జీలు, 30 జీలు లాగినా ఎవరూ వాంతి చేసుకోరు.

నిజ జీవితంలో ఉపగ్రహాలని ముక్కలు చేసి చూపించింది ఇవే. 2007లో చైనా, 2008లో అమెరికా, 2019 మార్చి 27న మనం, 2021లో రష్యా. మన మిషన్ శక్తి ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం ద్వీపం నుంచి లేచి సుమారు 283 కి.మీ. ఎత్తులో ఉన్న ఉపగ్రహాన్ని పేలుడు పదార్థంతో పని లేకుండా నేరుగా గుద్ది పొడి చేసింది. డీఆర్‌డీవోకి మిసైళ్ళ పని చేసే ముఖ్యమైన ల్యాబులు హైదరాబాద్‌లోనే ఉన్నాయి, అప్పటి చైర్మన్ జి. సతీష్‌రెడ్డి గారిది నెల్లూరు జిల్లా. "అంతరిక్షంలో మిసైల్ గురి కుదరదు" అని ఎవరైనా అంటే ఈ తేదీ చెప్పండి చాలు.

లేజర్ వాళ్ళ అసలు అస్త్రం ఇక్కడే బయటికొస్తుంది: వచ్చే మిసైళ్ళని లేజర్‌తో కాల్చేస్తాం. మన పౌరాణిక సినిమాల్లో ఆగ్నేయాస్త్రానికి వారుణాస్త్రం వేసినట్టు. కాల్చగలరు, కానీ ఎన్ని? లేజర్ గట్టిగా పనిచేసే దూరం 1000 కి.మీ. అనుకుందాం, మిసైళ్ళు సెకనుకి 10 కి.మీ. వేగంతో దూసుకొస్తున్నాయి, చేతిలో ఉన్నది 100 సెకన్లు. ఒక్కోదాన్ని కరిగించి రెండోదాని వైపు అద్దం తిప్పడానికి సగటున మూడు సెకన్లు. అంటే 33 మిసైళ్ళు. నేను 40 పంపుతా. తలా 200 కిలోలైనా మొత్తం ఎనిమిది టన్నులు, అవతల పోయేది వేల టన్నుల నౌక.

పైగా కాల్చేసినంత మాత్రాన మిసైల్ మాయమైపోదు. నూరు కిలోమీటర్ల దూరంలో దాని మెదడు మాడ్చేశారనుకోండి, మిగిలిన శకలాలు అదే దారిలో అదే వేగంతో వస్తూనే ఉంటాయి, మీకు పక్కకి తప్పుకోవడానికి పది సెకన్లే. ముప్పైమూడులో చివరి మూడింటిని కాల్చినా కాల్చకపోయినా ఒకటే.

మిసైల్‌కి లోపాలు లేవని కాదు. అయిపోతాయి, అదే పెద్ద లోపం. మొదటి విడతలో అన్నీ వదిలేసి అవి తప్పితే తర్వాత చేతులు కట్టుకుని కూర్చోవడమే. ఇంధనం ఎంతుంటే అంత వరకే వేట, చాలా దూరం నుంచి వదిలితే చివర్లో దారి మార్చుకోవడానికి ఏమీ మిగలదు. మిసైల్ తలలో అణుబాంబు పెట్టేస్తే అన్నీ తీరిపోతాయనుకునేవాళ్ళున్నారు, వాళ్ళకో లెక్క: గాలి లేని చోట పేలుడు తరంగం ఉండదు, శక్తి చాలావరకు ఎక్స్-కిరణాలుగా నాలుగు వైపులా చెదిరిపోతుంది. మెగాటన్ బాంబు కిలోమీటరు దూరంలో పేలితే చదరపు మీటరుకి 330 మెగాజౌల్స్, నౌక గతి అంతే. పది కిలోమీటర్లలో అది 3.3 మెగాజౌల్స్. నూరు కిలోమీటర్లలో 33 కిలోజౌల్స్, పైపూత కాస్త కమిలితే కమిలినట్టు. అణుబాంబుతోనైనా దగ్గరికి వెళ్ళాల్సిందే. 1980లలో అమెరికా వాళ్ళు అణు పేలుడుతోనే ఎక్స్-రే లేజర్ నడపాలని ఎక్స్‌కాలిబర్ పేరుతో పరిశోధన చేశారు, ఆయుధం కాలేదు గానీ ఆ ఊహ ఫ్యాన్స్‌ని ఇప్పటికీ వదల్లేదు. మిసైల్‌నీ లేజర్‌నీ కలిపేసే ఆలోచన మరి, వదలడం కష్టమే.

పైలట్ ఉన్న ఫైటర్లు వద్దా అంటే

వద్దు. మిసైల్ వెళ్తే చాలు, ఫైటర్ వెళ్ళాలి, ఆగాలి, తిరిగి రావాలి, మళ్ళీ ఆగాలి, నాలుగు రెట్ల వేగం మార్పు. హైడ్రోజన్-ఆక్సిజన్ ఇంజిన్‌తో సెకనుకి 3 కి.మీ. కావాలంటే బయల్దేరే బరువు ఖాళీ బరువుకి రెండు రెట్లుంటే సరిపోతుంది. 12 కి.మీ. కావాలంటే 14 రెట్లు. పద్నాలుగు టన్నుల్లో పదమూడు ఇంధనమే. హీరో కాక్‌పిట్‌లో కూర్చోవాల్సిందే అంటే కూర్చోబెట్టండి, ఎవరూ కాదనరు, రియలిస్టిక్ అని మాత్రం అనకండి.

స్టెల్త్ గురించి కూడా ఒక్క మాట. గది వేడిలో ఉన్న నౌక వెనకాల 2.7 కెల్విన్ చీకటి ఉంటుంది, ఇన్‌ఫ్రారెడ్‌లో నల్లగుడ్డ మీద దీపమే. ఇంజిన్ వెలిగించి దాక్కోవడం కుదరదు. ఇంజిన్ ఆపేసి ఉపగ్రహంలా, పాత చెత్తలా నటించడం మాత్రం కుదురుతుంది, నన్నడిగితే దాక్కోవడం కన్నా నటించడమే కథకి రక్తి కట్టిస్తుంది.

మరి ఎవరికి ఏది

యుద్ధం భూమి చుట్టూ తక్కువ ఎత్తు కక్ష్యలో అయితే, నా ఓటు మిసైల్‌కే అన్న మాట అక్కడ వర్తించదు, లేజర్ పెట్టుకోండి. దూరాలు దాని చేతికి అందేవే, పైగా మిసైల్ కొడితే వచ్చే చెత్త మీ ఉపగ్రహాలకే తగులుతుంది. 2007 చైనా పరీక్ష 3000కు పైగా గుర్తించదగ్గ ముక్కల్ని వదిలింది, ఎత్తు ఎక్కువ కాబట్టి ఇంకా తిరుగుతున్నవే చాలా ఉన్నాయి. మనవాళ్ళు 283 కి.మీ. ఎంచుకున్నది చాలావరకు త్వరగా రాలిపోవాలనే. కక్ష్య పాడవకుండా శత్రువు ఉపగ్రహం కళ్ళు పొడిచేయాలంటే లేజర్‌ని మించింది లేదు.

చంద్రుడి దాకా, ఆపైన గ్రహాల మధ్య అయితే మిసైల్ ప్రధాన ఆయుధం, లేజర్ రక్షణకి. బరువులో మూడొంతులు మిసైళ్ళకి, ఒక వంతు లేజర్‌కీ దాని రేడియేటర్లకీ ఇస్తే తప్పు పోదు. రైల్‌గన్ ఒక్కటి పెట్టుకుంటానంటే స్థావరాల మీద దాడికి వెళ్ళే నౌకకి మాత్రమే పెట్టండి, ఫ్లీట్ అంతటికీ అక్కర్లేదు. మీ లోకంలో ఇంజిన్లు మరీ శక్తిమంతమైనవైతే ఇంకో చిక్కు: వారాల తరబడి ఒక జీతో పోగల ఇంజిన్ ఉంటే ఆ నౌకే ఆయుధం, సరుకు నౌక కూడా ఊరిని తుడిచేయగలదు. అప్పుడు లేజరా రైల్‌గనా అన్న చర్చ కన్నా ఇంజిన్లకి లైసెన్స్ ఎవరిస్తారన్నది పెద్ద సంగతవుతుంది, దాని మీద రాసినవాళ్ళు తక్కువ, రాయబోతే మీకు మైదానం ఖాళీగా ఉంది.

గేమ్ ఆడేవాళ్ళకి చివరగా. 2016లో వచ్చిన చిల్డ్రన్ ఆఫ్ ఎ డెడ్ ఎర్త్ లాంటి గేమ్‌లో నౌకలు మీరే డిజైన్ చేసుకోవాలి, వేడి లెక్క కూడా ఉంటుంది. అందరూ శత్రువు తుపాకీల మీద గురి పెడతారు. మీరు రేడియేటర్ల మీద పెట్టండి, అవి పెద్దవి, పల్చనివి, కవచం కప్పడం కష్టమైనవి, అవి పోతే వాడి రియాక్టర్ ఆపుకోవాల్సిందే. మీ నౌకకి మాత్రం వాటిని శత్రువు వైపు అంచు మాత్రమే కనిపించేలా నిలువుగా అమర్చుకుని, ముందు భాగంలో కవచం మందంగా పెట్టి, ఇంకా బరువు మిగిలితే అప్పుడు రెండో లేజర్ గురించి ఆలోచించండి.